తల్లిచీల

రాకుమారి కువలయ కనిపించకుండా పోయిన రోజు సాలవతీ నగరంలో ఎండ బాగా కాసింది. వారం రోజుల ముసురు తరువాత వచ్చిన ఎండ అది. రాజవీథికి రెండు వైపులా ఇళ్ళ కొయ్యగోడలు ఆరుతూ చిటపటమంటున్నాయి. సాలవతిలో రాయి దొరకదు. పూరిల్లు మొదలుకొని రాజభవనం దాకా అన్నీ కొయ్యతో కట్టినవే.

ఆ సాయంత్రంతో కువలయకు పన్నెండో ఏడు నిండుతుంది. ఉదయాన్నే ఆమెనూ, దాది మంగళనూ ఉక్కుగదిలో ఉంచి మూడు తాళాలు వేశారు. ఒక తాళంచెవి వృషసేన మహారాజు మొలలో ఉంది. రెండోది మంత్రి దగ్గర, మూడోది సేనాపతి దగ్గర ఉన్నాయి. పొద్దు కుంకేదాకా తలుపు తెరవకూడదని కట్టడి.

దానికి కారణం తొర్రకోన మాంత్రికుడు ఘుణాక్షుడు. మూడేళ్ళ కిందట కొత్త సభామండపం కోసం వృషసేనుడు ఆ కోనలోని వెయ్యేళ్ళ మద్దిచెట్టును కొట్టించాడు. మండపం పూర్తయిన నాడు నడిస్తంభంలోంచి ఒక గొంతు వినిపించింది.

"రాజా! నా కోనలో పెద్ద చెట్టును తీశావు. నీ ఇంట్లో పెద్ద బిడ్డను నేను తీసుకుంటాను. పన్నెండేళ్ళు నిండేలోగా వస్తాను."

కొయ్య ఉన్న చోటల్లా ఘుణాక్షుడికి దారి ఉన్నట్టే. కొయ్యపురుగై ఒక స్తంభంలో దూరితే మరో దూలంలో తేలతాడు. కొయ్యకు కొయ్య తగులుతూ ఉంటే చాలు, ఎంత దూరమైనా పోతాడు. ఇనుము మాత్రం వాడికి నిప్పుతో సమానం. అందుకే భవనం నడుమ ఉక్కుగది కట్టించారు.

పొద్దు కుంకింది. మూడు తాళాలూ తీశారు. గది కట్టిన ఇద్దరు పనివాళ్ళు తలుపు పక్కనే నిలబడి ఉన్నారు. ఒకడు కమ్మరి ఐలోజు. రెండోవాడు ఐలోజు భార్యకు తమ్ముడు, వడ్రంగి మాచోజు.

తలుపు తెరిచేసరికి దాది మంగళ గోడకు ఆనుకుని నిద్రపోతూంది. ఒళ్ళో సగం కట్టిన పూలమాల ఉంది. కువలయ లేదు.

సేనాపతి దీపం ఎత్తి నాలుగు గోడలూ చూశాడు. ఒక్క పలక కదలలేదు. ఒక్క మేకు ఊడలేదు. గడప పక్కన నేలమీద మాత్రం చిటికెడు పొడి ఉంది. లేత పసుపు రంగులో, మెత్తగా, పురుగు తొలిచిన కొయ్యలోంచి రాలే పొడి.

దాన్ని మాచోజు ఒక్కడే చూశాడు. చూసి ఒక అడుగు ముందుకు వేసి, దానిమీద కుడికాలు పెట్టి నిలబడ్డాడు.

"ఈ గది ఎవరి పని?" అన్నాడు మహారాజు. ఆయన గొంతు పెంచలేదు.

"ఉక్కు పని నాది ప్రభూ," అన్నాడు ఐలోజు. "చట్రం మా బావమరిది కట్టాడు. కానీ అదంతా బయట ఉంది. లోపలిదంతా నా చేతి పనే."

మహారాజు మాచోజు వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

మాచోజు కాలు కదపలేదు. "లోపలంతా ఉక్కే ప్రభూ," అన్నాడు.

మహారాజు చాలాసేపు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆ తరువాత తీర్పు చెప్పాడు. నలభై రోజుల్లోగా బిడ్డ ఇల్లు చేరాలి. చేరకపోతే దారి వదిలిన చేతులను మణికట్టు దాకా తీసేయాలి. భటులు వచ్చి ఐలోజును తీసుకుపోయారు. పోతూ పోతూ ఐలోజు వెనక్కి తిరిగి, "మీ అక్కను చూసుకోరా," అన్నాడు.

అందరూ వెళ్ళాక మాచోజు కాలు తీశాడు. పొడి అంతా అరికాలికి అంటుకుని ఉంది.

*

ఆ గది కట్టడానికి నాలుగు నెలలు పట్టింది. కొయ్య ఇంటి మధ్య ఉక్కుగది నిలబెట్టడం అంతకుముందు ఎవరూ చేసిన పని కాదు. మొదటి చిక్కు బరువు. గది కింద వంటశాల ఉంది. మాచోజు వంటశాలలో ఎనిమిది కొత్త స్తంభాలు నాటి, వాటిమీద ఏనుగు తొడలంత లావు దూలాలు అడ్డంగా వేశాడు.

"ఏరా బావమరిదీ," అన్నాడు ఐలోజు మొదటి పలక పైకి ఎక్కిస్తున్న రోజు. "నీ కొయ్య నా ఇనుమును మోస్తుందా? లేక మనిద్దరం రేపు పప్పుగుండిగలో తేలతామా?"

"నీ ఇనుమును మోస్తుంది బావా. మా అక్క వండిపెడితే పెరిగిన నీ పొట్ట సంగతే నాకు తెలియదు."

కూలీలు పలక కింద పెట్టి మరీ నవ్వారు.

రెండో చిక్కు వానాకాలం. తడికి కొయ్య ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఉక్కును గోడకు ఆనిస్తే మొదటి ముసురుకే పలకలు వంకర పోతాయి. అందుకని కొయ్యగోడకూ ఉక్కుగోడకూ మధ్య నాలుగు వేళ్ళ సందు వదిలారు. ఆ ఖాళీ దాటి రావడం పురుగు వల్ల కాదు. కింద మాత్రం సందు వదలడానికి వీల్లేదు. గది బరువంతా దూలాల మీదే నిలవాలి. కాబట్టి నేల పలకలు రెట్టింపు మందం చేసి, చేప పొలుసుల్లా ఒకదాని అంచుమీద ఒకటి ఎక్కించి, ఎర్రగా కాల్చిన మేకులు దిగ్గొట్టారు.

పని మధ్యలో మాచోజు ఉలి మొద్దుబారితే ఐలోజే కొలిమిలో పెట్టి పదును పోసేవాడు. "రంగు చూడరా. ముందు ఎండుగడ్డి రంగు తిరుగుతుంది. తరువాత ఇటుక రంగు. ఆ తరువాత వంకాయ రంగు. కొయ్యను కోసే ఉలి అయితే గడ్డి రంగు కనబడగానే నీళ్ళలో ముంచాలి. వంకాయ దాకా చూస్తూ కూర్చున్నావంటే అది ఉలి కాదు, మీ అక్కకు అట్లకాడ."

కువలయ రోజూ వచ్చి పని చూసేది. మాచోజు ఆమెకు ఒక బొంగరం చెక్కి ఇచ్చాడు. "వడ్రంగయ్యా, ఇంకొకటి," అని వెంటపడేది.

సాలవతి వడ్రంగులకు ఒక ఆచారం ఉంది. ఇంటికోసం నరికిన మొదటి చెట్టు మొదలులోంచి బొటనవేలంత చీల చెక్కి దాచుకుంటారు. ఇల్లు పూర్తయ్యాక ఆఖరి రంధ్రంలో దాన్ని దిగ్గొడతారు. దాన్ని తల్లిచీల అంటారు. ఆ చీల పడితేనే ఆ ఇల్లు ఆ వడ్రంగి కట్టినట్టు. పడకుండా పనిముట్లు మూట కట్టినవాణ్ణి తోటివాళ్ళు పనివాడిగా గుర్తించరు.

ఉక్కుగదిలో పుడక కూడా ఉండకూడదని రాజగురువు ముందే చెప్పాడు. మాచోజు సరేనన్నాడు. సరేనన్నా అలవాటు కొద్దీ చీల చెక్కి మొలలో దోపుకున్నాడు.

గది పూర్తవుతున్న రోజు ఊరి పెద్దలంతా చూడవచ్చారు. ఉక్కుగోడల్లో వాళ్ళ ముఖాలు వాళ్ళకు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కరూ గోడ నిమిరి ఐలోజు భుజం తట్టారు. "ఇందులో వడ్రంగికి పనేముంది పాపం," అన్నాడు ఒక ముసలి సామంతుడు. అందరూ నవ్వారు. మాచోజు కూడా నవ్వాడు. అతడి ఎనిమిది స్తంభాలు కింద వంటశాల పొగలో ఉన్నాయి. వాటిని చూడడానికి ఎవరూ దిగలేదు.

ఆ మధ్యాహ్నం ఐలోజు భోజనానికి వెళ్ళాడు. గడప మొదట్లో నేల పలకకు ఒక్క మేకు రంధ్రం మిగిలి ఉంది. దాని కింద దూలం ఉంది. మాచోజు మొలలోంచి చీల తీశాడు. దిగ్గొట్టాడు. పైన మిగిలిన ముక్కను పలకకు సమంగా కోసి, మసీ నూనే కలిపి రుద్దాడు. చుట్టూ ఉన్న మేకుల తలల్లో అది కలిసిపోయింది. బొటనవేలంత కొయ్య ఏం చేస్తుందిలే అనుకున్నాడు.

ఐలోజు తిరిగి వచ్చాక, "ఆఖరి మేకు నేనే కొట్టేశాను బావా," అన్నాడు.

"మంచి పని చేశావు. నీకూ ఉక్కు పని పట్టుబడింది," అన్నాడు ఐలోజు. వంగి చూడలేదు. చెప్పినవాడు బావమరిది కదా.

*

మరునాడు ఉదయం మాచోజు అక్క సూరమ్మతో కలిసి చెరసాలకు వెళ్ళాడు. ఐలోజు కటకటాల వెనక కూర్చుని వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు.

"నిన్నటినుంచీ ఒక్కొక్క మేకే గుర్తు తెచ్చుకుంటున్నానురా," అన్నాడు. "ఉత్తరపు గోడ, మూడో వరుస. ఆ రోజు నాకు జ్వరం. ఒక మేకు మీద దెబ్బ తేలికగా పడింది. తరువాత సరిచేద్దామనుకున్నాను. చేశానో లేదో గుర్తు రావడం లేదు. అదే అయి ఉంటుంది. తప్పు నాదేరా."

"నీది కాదు బావా."

"నీకెలా తెలుసు?"

మాచోజు కటకటాన్ని పట్టుకున్నాడు. అది చింతకొయ్య. నున్నగా చిత్రిక పట్టి ఉంది. దానివైపే చూస్తూ, "నీ పని నేను చూశాను కదా," అన్నాడు.

"వీడు తొర్రకోనకు పోతానంటున్నాడయ్యా," అంది సూరమ్మ. "చెబితే వినడం లేదు. ప్రాణం పోయినా రాకుమారిని తెచ్చి మిమ్మల్ని విడిపిస్తానంటున్నాడు."

ఐలోజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వద్దురా," అన్నాడు ముందు. తరువాత, "వెళ్ళేవాడివైతే నా సుత్తి పట్టుకుపో. నా తోలుతొడుగు కూడా తీసుకో. ఇనుమంటే వాడికి భయం," అన్నాడు.

మాచోజు చెప్పాలనుకున్న మాట నోటిదాకా వచ్చింది. భటుడు వేళ అయిందన్నాడు. మాట అక్కడే ఆగింది. భటుడు వేళ అయిందనడం మాచోజుకు సాయమే అయింది.

సూరమ్మ పేలపిండి, బెల్లం మూట కట్టి భుజానికి తగిలించింది. ఊరి చివరిదాకా వెంట వచ్చింది. దారిలో ఎదురైన ప్రతివాళ్ళకూ చెప్పింది. "మా ఆయన కోసం నా తమ్ముడు మాంత్రికుడి మీదికే పోతున్నాడమ్మా! ఇలాంటి తమ్ముడు ఎవరికుంటాడు?" ఆడవాళ్ళు మాచోజుకు దణ్ణం పెట్టారు. అతడు ఎవరివైపూ చూడకుండా పొలిమేర దాటాడు.

*

మూడో రోజు పాములేరు అడ్డం వచ్చింది. వంతెన లేదు. ఒడ్డున తేలుతున్న పెద్ద దుంగను పట్టుకుని మాచోజు నీళ్ళలోకి దిగాడు. నడి ఏట్లోకి పోయాక దుంగ కళ్ళు తెరిచింది. బెరడు చీలి రెండు దవడలు బయటపడ్డాయి. అది ఘుణాక్షుడి కాపలా మొసలి! తోకతో నీళ్ళు చిలికి మాచోజును కిందికి లాగింది. అతడు మునుగుతూనే మొలలోని సుత్తి లాగి దాని నుదుటి మీద కొట్టాడు. ఇనుము తగలగానే మొసలి నిలువునా పగిలి రెండు కట్టెలై తేలింది. ఆ కట్టెల్లో ఒకదాన్ని పట్టుకునే అతడు అవతలి ఒడ్డు చేరాడు.

ఏడో రోజు మోళ్ళ మైదానం వచ్చింది. కనుచూపు మేర నరికిన చెట్ల మోళ్ళే. అతడు నడుస్తుంటే మోళ్ళు వెనక నుంచి గెంతుతూ రావడం మొదలుపెట్టాయి. ఆగితే అవీ ఆగుతాయి. పరుగెడితే అవీ పరుగెడతాయి. చుట్టుముట్టి ఒకదానికొకటి ఆనుకుని కోటలా నిలబడ్డాయి. మాచోజు చెకుముకి కొట్టి ఎండుగడ్డికి నిప్పు పెట్టాడు. పొగ లేవగానే మోళ్ళు చెల్లాచెదరయ్యాయి. ఆ పొగలోంచే దూకి, బట్టలు అంటుకుంటున్నా లెక్కచేయకుండా పరుగెత్తి మైదానం దాటాడు.

పన్నెండో రోజు కోన ముఖద్వారం దగ్గర డప్పు వినిపించింది. నిలువెత్తు కొయ్యబొమ్మ ఒకటి డప్పు వాయిస్తూ వస్తూంది. దవడ కదిలినప్పుడల్లా కీచుమంటూంది.

"ఉక్కు పని తెలిసినవాడెవడైనా ఉంటే రావాలహో! ఘుణాక్షుల వారు పని ఇస్తారహో! వచ్చినవాడికి అభయమహో! రానివాణ్ణి నేనేం చేసేది లేదహో!"

మాచోజు పొద చాటున కూర్చుని ఆలోచించాడు. ఇనుమంటే పడని వాడికి ఉక్కు పని ఎందుకో తెలియదు. కోటలోకి దారి మాత్రం ఇదే. మీసం గొరిగేశాడు. జుట్టుకు మసి రాశాడు. ఐలోజు తోలుతొడుగు కట్టుకున్నాడు. కమ్మరి ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలుంటాయి. తన చేతులమీద అయిదారుకు మించి లేవు. నిప్పు రాజేసి, కణికలు ఒక్కొక్కటే ఏరి రెండు ముంజేతులకూ ఆనించుకున్నాడు. చాలినన్ని అయ్యాక కూడా మరి నాలుగు ఆనించుకున్నాడు.

"కమ్మరివా?" అంది కొయ్యబంటు ఆనందంగా. "నూనె ఉందా నీ దగ్గర? ఈ దవడ నాలుగేళ్ళుగా ఇలాగే అరుస్తోంది."

మాచోజు దవడకు నూనె రాశాడు. బంటు అటూ ఇటూ నోరు ఆడించి చూసుకుని, "దేవుడివయ్యా నువ్వు," అంది.

*

ఘుణాక్షుడి కోట ఒక చెట్టు. ఎప్పుడో చచ్చిన మహావృక్షం. కాండం చుట్టూ తిరిగి రావడానికి గుర్రానికి జాముసేపు పడుతుంది. లోపలంతా తొలిచి ఏడు అంతస్తులు చేశారు. గోడలనిండా పురుగులు తొలిచిన గీతలు, వేయిమంది ఆడవాళ్ళు వేయి సంక్రాంతులు ముగ్గులు వేసినట్టు, ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తున్నాయి. బెరడులోని లక్ష రంధ్రాల గుండా ఎండ సన్నని దారాలై దిగుతూంది. ఆ వెలుగులో బంగారు పొడిలా కొయ్యపొడి ఎడతెగకుండా రాలుతూంది. అడుగు వేస్తే చీలమండ దాకా దిగబడుతుంది. చెవి పెట్టి వింటే ప్రతి గోడా నములుతున్న చప్పుడు.

ఆ పొడి మధ్య వేరుతో మలిచిన గద్దె మీద ఘుణాక్షుడు కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా, ఎండిన కొమ్మలా ఉన్నాడు. ముఖం నిండా సూది రంధ్రాలు. మాట్లాడితే వాటిలోంచి పొడి రాలుతుంది.

"చేతులు చూపించు," అన్నాడు. మాచోజు చూపించాడు. "బాగా కాలాయి. ఒక ఉలి చేసి ఇవ్వు. ఈ చెట్టు చేవ కోయాలి. కోయకపోతే నిన్ను ఈ పొడిలో కలిపేస్తాను."

కొలిమి కోట బయట ఉంది. మాచోజు ఇనుము కాల్చి, సాగగొట్టి, అంచు తీశాడు. పదును పోసేటప్పుడు ఊపిరి బిగపట్టి రంగు చూశాడు. ఎండుగడ్డి రంగు తిరిగింది. ఐలోజు గొంతు చెవిలో పలికింది. ముంచాడు. ఉలి చేవలో వెన్నలో దిగినట్టు దిగింది.

ఘుణాక్షుడు తల ఊపాడు. "నీ పేరు?"

మాచోజుకు మరో కమ్మరి పేరు తోచలేదు. "ఐలోజు," అన్నాడు.

"సాలవతి ఐలోజువా? నిన్ను చెరలో వేశారని విన్నానే!"

"తప్పించుకుని వచ్చాను. చేయని తప్పుకు చేతులు పోగొట్టుకోవడం ఎందుకని."

ఘుణాక్షుడు పగలబడి నవ్వాడు. పొడి కురిసింది. "నిజమే! నీ తప్పేం లేదు. తొమ్మిది రోజులు నీ గది చుట్టూ తిరిగాను. సూదిమొన పట్టే సందు దొరకలేదు. వెనక్కి పోదామనుకున్నాను. అప్పుడు గడప మొదట్లో, మేకుల వరుసలో, టేకు వాసన తగిలింది. బొటనవేలంత చీల! దాదిని నిద్రపుచ్చి, పిల్లను పురుగును చేసి ఆ దారినే తెచ్చాను. ఎవడో మసి పూసి మరీ దాచాడు. వాడెవడో తెలిస్తే ఈ కోటలో ఒక అంతస్తు వాడికి రాసిచ్చేవాణ్ణి."

గద్దె పక్కన వేళ్ళతో అల్లిన పంజరం ఉంది. అందులోంచి కువలయ మాచోజు వైపే చూస్తూంది. మీసం లేకపోయినా, మసి పూసుకున్నా గుర్తుపట్టింది. నోరు తెరవబోయి మూసుకుంది.

"నాకూ అలాంటి గది కావాలి," అన్నాడు ఘుణాక్షుడు. "ఈ చెట్టు నడుమ. తొమ్మిది రోజుల్లో. నా మీదికి వచ్చిన రాజుల కత్తులు, డాళ్ళు బయట గుట్టగా పడి ఉన్నాయి. కరిగించుకో."

*

మళ్ళీ అదే పని. కొయ్య నడుమ ఉక్కు, చుట్టూ నాలుగు వేళ్ళ సందు, పొలుసుల్లాంటి పలకలు. ఈసారి పక్కన ఐలోజు లేడు. తిత్తి ఊదడానికి వచ్చిన కొయ్యబంటు నిప్పురవ్వ ఎగిరినప్పుడల్లా పది గజాలు పరుగెత్తి మళ్ళీ వచ్చేది.

అయిదో రోజు మధ్యాహ్నం కువలయ నీళ్ళ ముంత తెచ్చింది. పంజరం దాటినా కోన దాటడం ఆమె వల్ల కాదు కాబట్టి తిరగనిస్తున్నారు. ఆమె కాలివేళ్ళ చివర సన్నగా బెరడు కడుతూంది.

"కమ్మరయ్యా, నీళ్ళు," అంది. బంటు వింటూందని కంటితో చూపించింది. "ఆ వడ్రంగి సంగతి విన్నావుగా?"

"విన్నానమ్మా."

"దారి తనే వదిలానని వాడికి తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"గది తలుపు తెరిచిన క్షణం నుంచి."

"ఎవరికైనా చెప్పాడా?"

"లేదమ్మా."

"ఎందుకు చెప్పలేదు?"

మాచోజు సుత్తి కింద పెట్టాడు. "సిగ్గేసి," అన్నాడు.

కువలయ ముంత అతడి చేతికిచ్చింది. "సిగ్గేస్తే చెప్పేయాలి కదా," అంది.

మాచోజు నీళ్ళు తాగలేదు. ముంత అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అంతలో రవ్వ ఎగిరి బంటు పరుగెత్తింది. కువలయ గబగబా చెప్పింది.

"వాడి ప్రాణం ఒక విత్తనంలో ఉంది. చందనపు పెట్టెలో పెట్టి ఎక్కడో దాచాడు. లోహం తగిలితే విత్తనం చచ్చిపోతుంది, అందుకని కొయ్యపెట్టెలోనే ఉంచాలి. ఈ కోటంతా తినేసిన వాడి పురుగులు ఇప్పుడు ఆ పెట్టె మీద పడుతున్నాయి. వాటికి భయపడే ఈ గది కట్టిస్తున్నాడు. పెట్టె లోపల పెట్టిన రోజే నన్ను చెట్టును చేసి, మా నాన్న కొట్టించిన చోట నాటుతాడట." తన కాళ్ళవైపు చూసుకుంది. "ఇప్పటికే దురదగా ఉంది, వడ్రంగయ్యా."

ఆ మాట వినగానే మాచోజు చేయవలసింది తెలుసుకున్నాడు. పని ముగించక తప్పదు. ముగించే ముందు గడప మొదట్లో ఒక్క రంధ్రం వదలాలి. అందులో కొయ్య పడాలి. ఈసారి దారి ఘుణాక్షుడికి కాదు, వాడి పురుగులకు. పెట్టె లోపలికి వెళ్ళాక, కువలయ చెట్టు కాకముందే అవి పని ముగించాలి. మధ్యలో ఉండేది ఒక్క ఘడియ.

ఆ చెట్టు చేవలోంచే చీల చెక్కాడు. తను చేసిన ఉలితోనే చెక్కాడు. రెండుసార్లు చెయ్యి జారి చీల పాడయింది. ఇరవై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చెక్కిన చీల అది. మూడోది కుదిరింది.

తొమ్మిదో రోజు ఉదయానికి గోడలు, కప్పు, తలుపు నిలిచాయి. మాచోజు ఆఖరి రంధ్రంలో చీల దిగ్గొట్టి, పైన సమంగా కోసి, మసీ నూనే రుద్దాడు. ఇంకా లేవకముందే వెనక పొడి మీద అడుగుల చప్పుడైంది.

ఘుణాక్షుడు చందనపు పెట్టెను పట్టుచీరలో చుట్టి గుండెకు హత్తుకుని వచ్చాడు. ఉక్కు తగలకుండా చేతులు దగ్గరికి ముడుచుకుని గదిలోకి తొంగి చూశాడు. వెనక కొయ్యబంట్లు కువలయను నడిపించుకుని వస్తున్నాయి. మోకాళ్ళ దాకా బెరడు పాకింది. ఆమె అడుగులు బరువుగా పడుతున్నాయి.

"పూర్తయిందా?"

"అయింది."

"ఆఖరి మేకు ఎవరు కొట్టారు?"

"నేనే."

"మాట మీద పని తీసుకునే అలవాటు నాకు లేదు ఐలోజూ," అన్నాడు ఘుణాక్షుడు. "ఒకడు అలా తీసుకున్నందుకే కదా నేను లోపలికి పోగలిగాను. ప్రతి మేకూ వాసన చూశాకే పెట్టె పెడతాను."

పెట్టెను బంటు చేతికిచ్చి, కొయ్యపావుకోళ్ళు తొడుక్కుని గదిలోకి వచ్చి గోడ మొదటి వరుస దగ్గర వంగాడు. ముక్కు ఉక్కుకు తగలకుండా ఒక్కొక్క మేకు మీదుగా జరుపుతున్నాడు. రెండో వరుస అయింది. నేల పలకల మేకుల దగ్గరికి వచ్చాడు. మాచోజు ఐలోజు సుత్తిని గట్టిగా పట్టుకున్నాడు. కువలయ అతడి వైపు చూడకుండా, బెరడు కట్టిన పాదంతో నేలమీది పొడిని పైకి తన్నింది. గాలినిండా ఆ చీల కొయ్యవాసనే లేచింది. ఘుణాక్షుడు ఒక్కసారి తల ఎత్తి ఆమెను చూశాడు. మళ్ళీ వంగి గడప వైపు జరిగాడు.

అప్పటికి నలభై రోజుల్లో పద్దెనిమిది మిగిలాయి. పెట్టె ఇంకా గది బయటే ఉంది. కువలయ ఇంకా చెరలోనే ఉంది. ఐలోజు చెరసాలలో కూర్చుని మూడో వరుస మేకును ఇంకా గుర్తు తెచ్చుకుంటూనే ఉన్నాడు. తప్పు ఎవరిదో అతడికి మాచోజు ఇంకా చెప్పలేదు.